డాబా మీద సోలార్ పెట్టించినవాళ్లు చెప్పండి: బిల్లు నిజంగా సున్నా అవుతుందా?

మల్కాజిగిరి మేడ:
మాది రెండంతస్తుల ఇల్లు. మేలో రెండు ఏసీలు నడిచాయి, 540 యూనిట్లయింది. బిల్లు చూసినప్పటి నుంచి నాన్న ఎవరు గదిలోంచి లేచినా వెనకే వెళ్లి ఫ్యాన్ ఆపేస్తున్నారు. సోలార్ ఆయన వచ్చి 3 కిలోవాట్లు పెట్టించుకోండి, బిల్లు సున్నా అంటున్నాడు. పెట్టించినవాళ్లు కాస్త అంకెలతో చెప్పండి. యాడ్‌లో మాటలు చాలా విన్నాం.

సైనిక్‌పురి బాబాయ్:
2024 అక్టోబర్‌లో పెట్టించాం, 3 కిలోవాట్లే. మొత్తం 2,05,000 అయింది. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కింద 78,000 వెనక్కి వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఆపైన ఎంత పెట్టినా అంతే. కాకపోతే పని పూర్తయ్యాకే సబ్సిడీ బ్యాంకులో పడుతుంది, ముందు మన డబ్బే పెట్టాలి. ఇంకోటి, ప్యానెల్‌లోని సెల్ కూడా మన దేశంలో తయారైతేనే సబ్సిడీ. మా దగ్గరికి మొదట వచ్చినాయన ఈ ముక్క దాచి తక్కువ రేటు చెప్పాడు. కొటేషన్‌లో రాయించుకో.

ఇక యూనిట్లు. పాల లెక్క రాసే నోట్‌బుక్‌లోనే ఇదీ రాస్తున్నాను. మార్చిలో రోజుకు 13, మేలో 12, జూలైలో ముసురు పట్టిన వారం నాలుగు కూడా దాటలేదు. నెలకు సగటున 330 అనుకో. నీ 540లో అది పోతే 210 మిగులుతుంది. సున్నా కాదు. కానీ ముందు పోయేవి పై స్లాబులో ఖరీదైన యూనిట్లు, అసలు లాభం అక్కడుంది.

మల్కాజిగిరి మేడ:
మేలో ఎండ మండిపోతుంది కదా బాబాయ్, మార్చికన్నా తక్కువ ఎందుకొచ్చింది?

తార్నాక ల్యాబ్‌కోట్:
ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పుడు కొలిచినవి. మే మధ్యాహ్నం మన డాబా మీద అది 60 దాటుతుంది. సిలికాన్ సెల్‌లో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది, అంటే పది శాతం పైనే వేడికి పోతుంది. అందుకని కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించమనండి. బట్టలు ఆరేసుకోవడానికీ చోటు మిగులుతుంది.

దుమ్ము ఇంకో దొంగ. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గాజు మీద దుమ్ము అంటకుండా ఒక పూత తయారుచేశారు. మన ఊళ్లో పుట్టిందే, మన డాబాల మీద మాత్రం నాకింకా కనబడలేదు.

అత్తాపూర్ అక్క:
దుమ్ము అన్నారు కాబట్టి నా తప్పు చెబుతాను. మొదటి ఎండాకాలం వారానికోసారి బోరు నీళ్లతో కడిగాను. ఎండకు నీళ్లు అలాగే ఆరిపోయి, గీజర్ కాయిల్ మీద పట్టినట్టు తెల్లటి పొర కట్టింది. గోటితో గీకితే ఊడలేదు. ఇప్పుడు మంజీరా నీళ్లు రెండు బకెట్లు పక్కన పెట్టుకుని, తెల్లారకముందే మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదట.

అంతకన్నా పెద్ద తప్పు వాటర్ ట్యాంకు. మధ్యాహ్నం 3 దాటగానే దాని నీడ ఒక్క ప్యానెల్ మూల మీద పడుతుంది, అంతే, మొత్తం వరుస డీలా పడిపోతుంది. బిగించినవాళ్లు ఉదయం 10కి వచ్చి కొలతలు తీసుకున్నారు, నీడ ఎవరూ చూడలేదు.

కూకట్‌పల్లి కొత్తోడు:
నాకెవ్వరూ చెప్పని ముచ్చట ఒకటుంది. మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మనకు సోలార్ ఉంది కదా అని దర్జాగా కూచున్నా. ఫ్యాన్ ఆగింది. పక్కింటాయన ఇన్వర్టర్ మీద క్రికెట్ చూస్తుండు, నేను గోడ మీంచి స్కోర్ అడుగుతున్న.

తార్నాక ల్యాబ్‌కోట్:
బ్యాటరీ లేకుండా బయటి కరెంటు లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అలాగే ఆగాలి తమ్ముడూ. లైను బాగుచేయడానికి స్తంభం ఎక్కినవాడికి మీ డాబా మీది కరెంటు తగిలితే? అందుకే బయటి లైనులో కరెంటు పోగానే సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది.

చిలకలగూడ మాస్టారు:
ఇళ్లున్నవాళ్ల మాటలే అన్నీ. మేం 24 ఫ్లాట్లు, డాబా అందరిదీ. లిఫ్టు, మోటార్లు లాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉందని మీటింగ్‌లో చెప్పాను. పై ఫ్లోరాయన లీకేజీ అన్నాడు, కింది ఫ్లోరాయన తాను లిఫ్టే ఎక్కనన్నాడు. మూడు మీటింగులయ్యాయి. తెల్లకార్డు ఇళ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే రాదు, వాళ్లు లక్షలు పోసి ప్యానెల్స్ ఎందుకు పెట్టుకుంటారు? పథకం తప్పని కాదు, ఒక చేత్తో ఇచ్చేది ఇంకో చేతిని ఆపుతోంది.

ఉప్పల్ స్కూటర్:
నా బాధ టైముది. ప్యానెల్స్ పగలు పండిస్తాయి, నేను బండి చార్జింగ్ పెట్టేది రాత్రి 8కి. ఊరంతా అప్పుడే ఏసీలు వేస్తుంది. 2030కల్లా ఇంకో 20,000 మెగావాట్ల గ్రీన్ పవర్ కలపాలని 2025లో రాష్ట్రం పాలసీ తెచ్చింది, బాగానే ఉంది. మరి సాయంత్రం సంగతి?

తార్నాక ల్యాబ్‌కోట్:
అసలు ప్రశ్న అడిగారు. బ్యాటరీలు ఒక దారి. ఇంకోటి మన దగ్గరే ఉంది: 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో టర్బైన్లు రెండువైపులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు వదిలితే సరి. డాబా మీది ట్యాంకు నింపుకున్నట్టే. నన్నడిగితే ప్యానెల్స్ మీద పెట్టే ధ్యాసలో సగమైనా ఈ దాచుకోవడం మీద పెట్టాలి.

మల్కాజిగిరి మేడ:
అందరికీ థాంక్స్. మా మీటర్ ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంది, పర్వాలేదా?

సైనిక్‌పురి బాబాయ్:
ముందు అది మార్పించు. దరఖాస్తులో పేరు, బిల్లు మీది పేరు కలవక నాకు ఏడు వారాలు పట్టింది. ప్యానెల్స్ పైన ఉన్నాయి, వచ్చే కరెంటూ పోయే కరెంటూ లెక్కేసే నెట్ మీటర్ మాత్రం లేదు, రోజూ వెళ్లి చూసి రావడమే.

మల్కాజిగిరి మేడ:
సరే. రేపు 4కి డాబా ఎక్కి ట్యాంకు నీడ ఫొటో పెడతాను.

అత్తాపూర్ అక్క:
ఇప్పటి నీడ చూసి మోసపోకు తమ్ముడూ. డిసెంబర్‌లో అది ఇంకా చాచుకుని పడుతుంది. ట్యాంకుకు ఉత్తరం వైపు చోటు వదిలెయ్.