ఒకే స్ట్రాన్షియం, రెండు రకాల వాహకత: కారణం ఏమిటి?

ప్రశ్న – పరిశోధక విద్యార్థి, అనంతపురం

లాంథనం మాంగనైట్‌లో (లాంథనం, మాంగనీస్‌ల ఆక్సైడ్) లాంథనం స్థానాలలో 20 శాతం స్ట్రాన్షియం చేర్చి చేసిన నా నల్లని పెల్లెట్ (పొడిని అదిమి కాల్చిన బిళ్ల), గది ఉష్ణోగ్రతలోనే మల్టీమీటర్‌పై కొద్ది ఓమ్‌ల నిరోధమే చూపుతోంది. స్ట్రాన్షియంతో పాటు మెగ్నీషియం కూడా చేర్చి నా మిత్రుడు చేసిన లాంథనం గాలేట్ (లాంథనం, గాలియంల ఆక్సైడ్) పెల్లెట్ మాత్రం చల్లగా ఉన్నంతసేపు బంధకంలా ఉండి, 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా వహిస్తోంది. డోపింగ్ (అసలు అయాన్ల స్థానంలో వేరే అయాన్లను, అంటే డోపెంట్లను, కొద్దిగా చేర్చడం) ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? వహిస్తున్నది అయానా, ఎలక్ట్రానా అని తేల్చేదెలా?

జవాబు – కర్నూలు

మూడు ధనావేశాల లాంథనం స్థానంలో రెండే ఉన్న స్ట్రాన్షియం చేరినప్పుడు ఏర్పడే లోటును స్ఫటికం ఎలా పూడ్చుకుంటుందన్నదే అసలు విషయం. మాంగనీస్ 3 ధనావేశాల నుంచి 4కు సులువుగా మారగలదు కనుక అక్కడ హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) పుట్టి, ఆక్సిజన్ మీదుగా ఒక మాంగనీస్ నుంచి మరొకదానికి గెంతుతుంది. గాలియం అలా మారదు. అందువల్ల ప్రతి రెండు డోపెంట్ అయాన్లకు ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. పక్కనున్న ఆక్సిజన్ అయాన్ ఆ ఖాళీలోకి దూకడానికి శక్తి ఎక్కువ కావాలి కనుకనే వేడి అవసరమవుతుంది. కోబాల్ట్, ఇనుము ఉన్న పెరోవ్‌స్కైట్లలో (ఈ రెండు పెల్లెట్ల తరహా స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థాలలో) ఈ రెండూ కలిసి జరుగుతాయి. అలాగని డోపెంట్‌ను పెంచుకుంటూ పోతే లాభం లేదు; ఖాళీలు డోపెంట్లకే అతుక్కుని కదలిక తగ్గిపోతుంది.

జవాబు – కడప

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. ఆక్సిజన్ పీడనం మార్చినా వాహకత మారకపోతే అది అయాన్లదేనని చాలామంది రాస్తారు కానీ, హోల్‌ల సంఖ్యను డోపెంటే నిర్ణయించే మీ మాంగనైట్‌లోనూ విస్తారమైన పరిధిలో అది మారదు కనుక ఆ పరీక్ష ఒక్కటే చాలదు. పెల్లెట్‌కు ఒకవైపు గాలి, మరొకవైపు శుద్ధ ఆక్సిజన్ పంపి వోల్టేజీ చూడండి. 800 డిగ్రీల దగ్గర పూర్తిగా అయాన్ వాహకమైతే దాదాపు 36 మిల్లీవోల్టులు వస్తాయి; ఎలక్ట్రాన్లదే పెత్తనమైతే సున్నాకు దగ్గరగా ఉంటుంది. పెల్లెట్‌లో వాయువు కారే రంధ్రాలు ఉండకూడదు. మీ మల్టీమీటర్ చూపిన ఓమ్‌లలో తీగల, స్పర్శల నిరోధం కూడా కలిసి ఉంటుంది కనుక నాలుగు మొనల పద్ధతిలో (రెండు మొనలతో విద్యుత్తు పంపి, వేరే రెండింటితో వోల్టేజీ చూసే పద్ధతి) కొలవండి.

మరొక మాట: లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పూర్తిగా హైడ్రాక్సైడ్‌గా మారితే బరువు దాదాపు 17 శాతం పెరుగుతుంది. దానిని కాల్చి తేమ పోగొట్టకుండానే తూచి, లాంథనం తక్కువ పడి నేను ఆరు నెలల పని పోగొట్టుకున్నాను. అనంతపురం ఎండలను నమ్ముకుని సీసా మూత వదులుగా ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను వాడుతున్నది గత వర్షాకాలంలో తెరిచిన సీసానే. రేపు 1000 డిగ్రీల దగ్గర కాల్చి, ఎంత బరువు తగ్గిందో ఇక్కడే రాస్తాను.