న్యూటౌనార్డ్స్ కొండ మీద ఆ టవర్ ఎవరిది?

బెల్‌ఫాస్ట్_బుల్లోడు:
ఉత్తర ఐర్లాండ్‌కి కొత్తగా వచ్చాను, బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నా. పక్కనున్న న్యూటౌనార్డ్స్ ఊరి వైపు ఎటెళ్ళినా కొండ మీద నల్లటి టవర్ కనపడుతుంది, కోటేమో అనుకున్నా, మా రూమ్మేట్ ఏమో కాదురా ఎవరో దొర గుర్తుగా కట్టారంటాడు. ఎవరండీ ఆయన, రాజా? అమ్మానాన్న వచ్చారు, శనివారం తీసుకెళ్దామని. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కగలరా?

గోదారి_గాలి:
దాన్ని స్క్రాబో టవర్ అంటారు తమ్ముడూ. రాజు కాదు, పెద్ద జమీందారు. చార్లెస్ స్టీవర్ట్ అని లండన్‌డెరీ మూడో మార్క్వెస్ (అదో పెద్ద దొరల బిరుదు), నెపోలియన్ సైన్యం మీద స్పెయిన్‌లో పోరాడాడు, ఎంపీ చేశాడు, వియన్నాలో రాయబారిగా కూడా ఉన్నాడు. 1854లో పోతే 1857లో శంకుస్థాపన చేశారు. కౌలు రైతులూ స్నేహితులూ కలిసి కట్టించారని దాని మీదే చెక్కి ఉంటుంది, ఎంత అభిమానం ఉంటే కడతారు చెప్పు.

పల్లెటూరి_పంతులు:
అభిమానమా అన్నా? 1840ల్లో ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి ఐర్లాండ్‌లో జనం ఆకలితో చచ్చిపోతుంటే ఈ దొర, దొరసాని కలిపి స్థానిక సహాయ నిధికి ఇచ్చింది 30 పౌండ్లు, అదే టైంలో మౌంట్ స్టీవర్ట్‌లో సొంత బంగళా బాగుచేయించుకోడానికి 15 వేలు. పెళ్ళితో ఇంగ్లండ్‌లోని డరహంలో బొగ్గు గనులు కూడా కలిసొచ్చాయి, 1842లో ఆడవాళ్ళనీ పదేళ్ళలోపు పిల్లల్నీ గనిలోకి దించొద్దని బిల్లు తెస్తే లార్డ్స్ సభలో (బ్రిటన్ పార్లమెంట్ ఎగువ సభ) అడ్డం పడింది కూడా ఈయనే. ఇక టవర్‌కి ఇచ్చిన చందా అంటారా, ఎస్టేట్ మనుషులు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఏ కౌలుదారు లేదంటాడు?

గోదారి_గాలి:
సరే, అందరూ భయపడే ఇచ్చారని మాత్రం ఎలా చెప్తావ్. సైన్యంలో ఆయన కింద పనిచేసినోళ్ళు కూడా ఉంటారు కదా.

వైజాగ్_అక్క:
మీ గొడవ తర్వాత, పిల్లాడు అడిగింది చెప్పండి. బాబూ, కార్ పార్క్ నుంచి దారి చిన్నదే గానీ బాగా ఏటవాలు, నాన్నగారిని మెల్లగా నడిపించు. లోపల 122 మెట్లు, అవి ఆయనకొద్దు, పైగా అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకో. టవర్ కింద నుంచే స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్ (లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మొత్తం కనపడుతుంది, మబ్బు లేకపోతే స్కాట్లాండ్ కూడా. పాత రాతి క్వారీల అంచుకి పోవద్దు. గాలి మామూలుగా ఉండదు, అమ్మకి చీర వద్దు, ప్యాంటూ చలికోటూ వేయించు. ఒకప్పుడు ఓ కుటుంబం ఆ టవర్‌లోనే కాపురం ఉండి టీ అమ్మేదట, 1966 దాకా. ఇప్పుడు అదీ లేదు, ఫ్లాస్క్ పట్టుకెళ్ళు.