ఆస్ట్రేలియాకు తొలి మనుషులు: కొట్టుకుపోయి చేరారా, తెలిసే వెళ్లారా?

వెదురుతెప్ప:
ఆస్ట్రేలియాకు ఆదిమానవులు నడిచి వెళ్లారని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకు పైగా దిగిపోయిన మాట నిజమే. ఆస్ట్రేలియా, న్యూగినీ, టాస్మేనియా కలిసి సాహుల్ అనే ఒకే నేల అయ్యాయి. జావా, బోర్నియో ఆసియాకు కలిసిపోయాయి. కానీ మధ్యలోని లోతైన సముద్రం ఏనాడూ ఎండలేదు. నీళ్లు ఎంత తగ్గినా ఒక్కచోటైనా 90 కిలోమీటర్ల దాకా దాటాల్సిందే. ఏనుగును పోలిన స్టెగోడాన్ సాహుల్‌కు ఎదురుగా ఉన్న తిమోర్ దీవి దాకా చేరింది, సాహుల్‌లో మాత్రం దాని జాడే లేదు. మనిషి చేరాడు. తెప్ప కట్టుకుని, తెలిసే వెళ్లాడని నా వాదన.

గోదారిగట్టు:
అంత గట్టిగా ఎలా చెప్తారండీ? 2004 సునామీలో ఇండోనేషియాలోని ఆచే తీరం నుంచి కొట్టుకుపోయిన ఒక మనిషి చెట్లూ చెత్తా పట్టుకుని ఎనిమిది రోజులు బతికాడు. తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఓడవాళ్లు పైకి లాగారు. వేల ఏళ్లలో అలాంటి అలలు ఎన్ని వచ్చుంటాయి? నలుగురైదుగురు అటు కొట్టుకుపోతే చాలదా?

వెదురుతెప్ప:
చాలదండీ. జనాభా లెక్కలు వేసి చూసిన 2019 పరిశోధనలో, సాహుల్‌లో జాతి నిలబడాలంటే కనీసం 1,300 మంది కావాలని తేలింది. ఒకేసారి కాకపోయినా, కొన్ని వందల ఏళ్లలో విడతలుగానైనా రావాలి. సునామీ అంతమందిని, అందులోనూ ఆడవాళ్లనీ పిల్లల్నీ కలిపి, ప్రాణాలతో ఒడ్డుకు చేర్చదు. పైగా తూర్పు తిమోర్‌లోని జెరిమలాయ్ గుహలో 42,000 ఏళ్ల నాటి ట్యూనా ఎముకలు దొరికాయి. అది ఒడ్డున కూర్చుని పట్టే చేప కాదు.

చెదపుట్ట:
42,000 దగ్గర ఆగితే నాకు పేచీ లేదు. మజెడ్‌బెబె పేరు చెప్పి మనుషులు 65,000 ఏళ్ల కిందటే ఆస్ట్రేలియా చేరారంటారు చూడండి, అక్కడే వస్తుంది గొడవ. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆ రాతి చరియ కింది పాత ఆవాసంలో అంతా ఇసుక. చెదలు కింది ఇసుకను పైకి మోసుకెళ్తే పైన ఉన్న రాళ్లు మెల్లగా కిందికి దిగుతాయి. పాత ఇసుకలోకి కొత్త పనిముట్టు చేరి, ఉన్నదానికంటే పాతదిగా కనిపిస్తుంది. ఇంకోటి, ఆదివాసీ ఆస్ట్రేలియన్లలోనూ నియాండర్తాల్ అనే అంతరించిన మానవజాతి డీఎన్ఏ ఉంది. ఆ కలయిక జరిగింది సుమారు 50,000 ఏళ్ల కిందటే. మరి వాళ్ల పూర్వీకులు 65,000 ఏళ్ల కిందట అక్కడెలా ఉంటారు?

వెదురుతెప్ప:
డీఎన్ఏ సంగతి బలమైనదే, ఒప్పుకుంటా. చెదల సంగతి కాదు. ఆ అడుగు పొరలో పది వేలకు పైగా రాతి ముక్కలు, అరగదీసిన గొడ్డళ్లు, నూరిన జేగురు ఒక్క గుంపుగా ఉన్నాయి. లోతును బట్టి రాయి రకం మారుతోంది. చెదలు కలిపేసి ఉంటే అన్నీ కలగాపులగం కావాలి కదా? తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ మీద 2025లో వచ్చిన పరిశోధన కూడా 60,000 వైపే మొగ్గింది.

బనగానపల్లెవాసి:
మా జ్వాలాపురం సంగతీ చూడండి. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కిందట పేలితే ఆ బూడిద మా జుర్రేరు లోయలో పడింది. తవ్విన చోట తెల్లటి గోడలా కనిపిస్తుంది. దాని కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే, పెద్దగా తేడా లేదు. అవి చేసింది మనలాంటి మనుషులే అయితే, ఆఫ్రికా నుంచి సాహుల్‌కు వెళ్లే దారి మా ఊరి మీదుగానే ఉండొచ్చు.

చెదపుట్ట:
ఆ ‘అయితే’ దగ్గరే ఆగాలి. ఆ బూడిదకు కిందా పైనా ఉన్న ఆ పనిముట్లతో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు.

గోదారిగట్టు:
సరే, తెప్ప కట్టారనే అనుకుందాం. కంటికి కనపడని నేల కోసం పెళ్లాం పిల్లలతో సముద్రంలోకి ఎవరు దిగుతారు?

వెదురుతెప్ప:
కనపడేదండీ! 2018లో పాత సముద్రమట్టాన్ని బట్టి మ్యాపులు గీసి చూశారు. ఆస్ట్రేలియా వాయవ్య తీరం ముందు, ఇప్పుడు మునిగిపోయిన దీవులు వందకు పైగా బారులు తీరి ఉండేవి. తిమోర్, రోటె దీవుల కొండలెక్కి చూస్తే వాటిలో కొన్ని కనిపించేవి. పొద్దున్నే కొండెక్కిన మనిషికి రోజూ అటువైపు నేల కనపడుతుంటే ఎన్నాళ్లు ఊరుకుంటాడు?