స్లీవ్ సర్జరీ తర్వాత అన్నం పడట్లేదు, మీరెలా అలవాటు చేసుకున్నారు?

బరువు తగ్గడానికి పొట్ట (జీర్ణాశయం) సైజు తగ్గించే ఈ సర్జరీ అయ్యాక మెత్తని తిండి దశ దాటి ఇప్పుడిప్పుడే మామూలు భోజనానికి వస్తున్నాను. పెసరకట్టు, పెరుగు, ఉడికించిన గుడ్డు బాగానే పడుతున్నాయి కానీ అన్నం మాత్రం పప్పుతో ఎంత మెత్తగా కలిపినా నాలుగో ముద్దకే ఛాతీ కింద పట్టేసినట్టయి, నోట్లో నీళ్లూరి, కాసేపటికి వాంతి అయిపోతోంది. డాక్టర్‌కి చూపించుకుంటున్నాను, అయినా టెన్షన్‌గానే ఉంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలన్నారు, పౌడర్ వాసనకే కడుపులో తిప్పుతోంది. అత్తయ్యేమో "ఇంకొక్క ముద్ద తినమ్మా, నీరసపడిపోతావు" అంటూ వెనకే తిరుగుతారు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు, ఆ ఒక్క ముద్దే ఎక్కువవుతోందని నొప్పించకుండా ఎలా చెప్పాలి? ఈ సర్జరీ అయినవాళ్లు ఉంటే చెప్పండి, అన్నం మళ్లీ ఎప్పటికి పడింది, పౌడర్ లేకుండా మన వంటలతోనే ప్రొటీన్ ఎలా సరిపెట్టుకున్నారు?