రెండేళ్ల బాబుకి మాటలు: రోజువారీ పనుల్లోనే ఏం చేయొచ్చు?

కొత్తగా వచ్చిన అమ్మ: అందరికీ నమస్కారం. బాబుకి రెండేళ్లు నిండబోతున్నాయి. విడి మాటలు అంటాడు గానీ రెండు కలిపి అనడు. మేం ఉండేది వేరే భాష మాట్లాడే చోట. ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇక్కడి భాష. వాడితో విడిగా కూర్చునే తీరిక ఉండట్లేదు. ఏం చేయమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి: టెన్షన్ పడకండమ్మా. విడిగా టైమ్ అక్కర్లేదు. స్నానం, బట్టలు, నిద్ర రోజూ ఉండేవేగా, వాటినే ఒకే వరుసలో, అవే మాటలతో చేయండి. చొక్కా తొడుగుతూ "ఈ చెయ్యి అయింది... ఇంకో చెయ్యి ఏదీ?" అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది ఇక్కడే ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు. వాడు చెయ్యి చాపినా జవాబే. "నీళ్లు" అంటే "నీళ్లు పోయనా? వేడి నీళ్లు" అని ఒక మాట చేర్చి అనండి. తప్పు అన్నావని దిద్దకండి. "ఇదేంటి, అదేంటి" అని పరీక్షలూ పెట్టకండి.

చాలా ఏళ్లుగా ఇక్కడున్న నాన్న: మీరు అడగలేదు గానీ ఇది చెప్పాలి. మా పాపని చూసిన ఒక క్లినిక్‌లో "రెండు భాషలతో తికమకపడుతోంది, ఇంట్లో మీ భాష మానేయండి" అన్నారు. తెలుగులో ఎన్ని మాటలు వచ్చో అడగలేదు, వినికిడి పరీక్ష చేయించమనీ రాయలేదు. ఫారం మీద వాళ్ల భాష మాటలకే గడి ఉంది. మేం ఒప్పుకోలేదు. ఇంకోచోట అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టింది. అక్కడి స్పీచ్ థెరపిస్ట్ పాపతో ఆడుకుంటూ రెండు భాషల మాటలూ కలిపి లెక్కేసింది. లెక్క అలాగే వేయాలి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావండీ.

మరొకరు: అయినా ఒకరు ఒకే భాష మాట్లాడాలి. అమ్మ తెలుగు, నాన్న ఇక్కడి భాష. కలిపితే కుదరదు.

ఆ నాన్నే: అదొక పద్ధతి, నియమం కాదు సార్. ఇద్దరికీ తెలుగే బాగా వస్తే ఇద్దరూ తెలుగే మాట్లాడాలి. పిల్లలు రెండూ కలిపి మాట్లాడటం మామూలే.

ఒకే భాష అన్నవారే: సరే, టీవీ మాత్రం కట్టేయండి. రెండేళ్లలోపు స్క్రీన్ వద్దనీ, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇద్దరు పిల్లల తల్లి: నానమ్మ వీడియో కాల్ మాత్రం ఆపకండి. ఆవిడ వాడి మాటకి బదులిస్తుంది, టీవీ ఇవ్వదు. అమ్మా, రెండేళ్లు నిండాక కూడా మాటలు కలపకపోతే వినికిడి పరీక్ష అడగండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసైనా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.