గుర్రానికి కడుపునొప్పి: డాక్టరు వచ్చేలోపు ఆముదం పట్టొచ్చా?

బీచ్‌రైడర్:
ఆరేళ్ల మగ గుర్రం, దాదాపు 350 కిలోలు. మధ్యాహ్నం ఉలవలు పెట్టిన రెండు గంటలకి మొదలైంది. ముందుకాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూస్తోంది, పైపెదవి మడుస్తోంది, పడుకుంటోంది, లేస్తోంది. పొద్దుట్నుంచి లద్దె ఒక్కసారే, అదీ నాలుగు గట్టి ఉండలు. డాక్టరు గారికి గంటన్నర పడుతుందట. అరలీటరు ఆముదంలో వాము కలిపి సీసాతో పట్టేయమని ఒకరు, పరిగెత్తించమని ఒకరు. కట్టేసేదీ, గడ్డి వేసేదీ ఇసుక నేల మీదే. ఏం చెయ్యమంటారు?

నాలుగుడెక్కలు:
సీసా పక్కన పెట్టండి. ఎద్దుకి పట్టినట్టు తల పైకెత్తి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, కడుపునొప్పి తగ్గినా న్యుమోనియాతో పోతుంది. ఇంకోటి, గుర్రం వాంతి చేసుకోలేదు. దాని పొట్ట 8 నుంచి 15 లీటర్లే. ముందుకి కదలక అది నిండిపోయి ఉంటే, మీరు పోసింది వెనక్కి రాదు, పొట్ట పగులుతుంది. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి, లోపల నిలిచినది బయటికి తీసి చూశాకే ఏదైనా పోస్తారు. అదీ లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనె, ఆముదం కాదు.

మేత మొత్తం తీసేయండి, తవుడు కూడా. నీళ్లు తనంతట తాగితే తాగనివ్వండి. పరుగు వద్దు, పది నిమిషాలు నెమ్మదిగా నడిపించి ఆపండి. నడిపించేది పొర్లి దెబ్బలు తగలకుండా చూడ్డానికి, గ్యాసు కదలడానికి. కదలకుండా పడుకుంటే పడుకోనివ్వండి. దబదబా పడిపోతుంటే మాత్రం మెత్తటి ఖాళీ చోట వదిలి మనుషులు దూరం జరగాలి.

ఈలోగా గుండె ఎంత కొట్టుకుంటోందో చూడండి. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు, లేదా దవడ కింద నాడి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు 28 నుంచి 44 ఉండాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలి. రెండు డొక్కల మీదా, పైనా కిందా, చెవి ఆనించి ఒక్కోచోట నిమిషం వినండి.

బీచ్‌రైడర్:
గుండె 52. చిగుళ్లు కాస్త పాలిపోయాయి, రంగు రెండు సెకన్లకి వస్తోంది. జ్వరం లేదు, 38 డిగ్రీల సెల్సియస్. ఎడమ డొక్కలో కొద్దిగా గుడగుడ, కుడివైపు ఏమీ లేదు. మధ్యమధ్యలో ఉచ్చ పోసుకునేలా సాగి నిలబడుతోంది, పోయడం లేదు. షెడ్డులో ఫ్లూనిక్సిన్ (నొప్పి తగ్గించే ఇంజెక్షన్) ఉంది, వేసెయ్యనా?

వెట్_డాక్టరమ్మ:
ఈ అంకెలన్నీ ముందు డాక్టరు గారికి ఫోనులో చెప్పండి. సాగి నిలబడటం చూసి చాలామంది మూత్రం ఆగిందనుకుంటారు, కానీ చాలాసార్లు అది పేగు నొప్పే. విత్తులు కొట్టించని గుర్రమైతే ఇప్పుడే చేత్తో తడిమి చూడండి. ఒకవైపు వాచి గట్టిగా ఉంటే పేగు అక్కడికి జారి చిక్కుకుని ఉండొచ్చు, అది ఆపరేషన్ కేసు.

ఫ్లూనిక్సిన్ డాక్టరు గారు వెయ్యమంటేనే. మోతాదు కిలోకి 1.1 మిల్లీగ్రాములు, అంటే 385. మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాముల సీసా అయితే 7.7 మిల్లీలీటర్లు, సిరలోకే. కండలోకి పొడిస్తే అక్కడ కుళ్లు పట్టి ప్రాణం మీదికి రావొచ్చు, మెడ సిర తప్పి ధమనిలోకి వెళ్తే అక్కడే కూలుతుంది. చెయ్యి తిరగనివారు ముట్టుకోకపోవడమే మేలు. వేశాక తగ్గకపోతే మళ్లీ వెయ్యొద్దు, తగ్గకపోవడమే డాక్టరుకి కావలసిన సమాచారం. ఏ మందు, ఎన్నింటికి వేశారో రాసి పెట్టండి. బస్కోపాన్ (పేగు పట్టేయడం తగ్గించే మందు) వేస్తే గుండె వేగం అరగంట దాకా పెరుగుతుంది, కాబట్టి లెక్క ముందే చూసుకోండి.

52 నొప్పి వల్ల కావొచ్చు. పావుగంటకోసారి చూడండి. 60 దాటి అక్కడే ఉన్నా, చిగుళ్లు ఎర్రగా ఊదాగా మారినా ఎదురుచూడకుండా ఆస్పత్రికి లారీ మాట్లాడుకోండి. అప్పటిదాకా పొర్లిన గుర్రం ఉన్నట్టుండి నొప్పి పోయినట్టు తలవేలేసి, చెమటతో నిలబడితే సంతోషించకండి. పేగు పగిలినప్పుడూ అలాగే ఉంటుంది.

నాలుగుడెక్కలు:
ఇసుక సంగతి గుర్తుంచుకోండి. లద్దె వేసినప్పుడు నేలకి ఆనని ఉండలు ఆరు తీసి, పొడుగు ప్లాస్టిక్ సంచీలో లీటరు నీళ్లలో కలిపి పావుగంట వేలాడదీయండి. అడుగున చెంచాడు ఇసుక దిగితే లోపల చాలానే ఉన్నట్టు. దిగకపోయినా లేదని కాదు, ఒక్కోసారి ఇసుక పెద్దపేగులో పేరుకుని బయటికే రాదు.

ఈ గండం గడిచాక గడ్డి నేల మీద వెయ్యకండి, రబ్బరు మ్యాటు పరిచి తొట్టిలో పెట్టండి. ఇసుక బయటికి పోవడానికి పెట్టే ఇసబ్‌గోల్ పొట్టు ఎంత, ఎన్నాళ్లో డాక్టరునే అడగండి, ఇప్పుడైతే అస్సలు పెట్టొద్దు. ఉలవలు నానబెట్టి ఉడికించి, కొద్దికొద్దిగా రెండు మూడు పూటలకి పంచండి. మేత మార్చాలంటే వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. అసలు కడుపు నింపాల్సింది గడ్డే, 350 కిలోల గుర్రానికి రోజుకి కనీసం 5 కిలోల ఎండుగడ్డి. నీళ్లు రోజుకి పాతిక లీటర్లకి తగ్గకూడదు, ఎండాకాలం సవారీలు తిప్పితే ఇంకా ఎక్కువే. బక్కెట్టుతో కొలిచి పెట్టండి, ఎంత తాగిందో తెలియాలి.