జెంటిల్ జయంట్ పాటలను ఎలా వినాలి? తాళం వేస్తే అందడం లేదు

ప్రశ్న: సత్యనారాయణపురం శ్రోత, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటూ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ రైల్లో వెళ్ళి వచ్చే సమయమంతా పాటలు వినడానికే కేటాయించుకుంటాను. పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్ బృందాల పాటలు చాలా ఏళ్ళుగా వింటున్నాను కాబట్టి ప్రోగ్రెసివ్ రాక్ (శాస్త్రీయ, జాజ్ పోకడలు కలిసిన రాక్) నాకు కొత్త కాదు. నెల రోజుల కిందట ఒక మిత్రుడు అదే కోవకు చెందిన బ్రిటన్ బృందం జెంటిల్ జయంట్ వారి ‘ఆక్టోపస్’ ఆల్బమ్ వినమన్నాడు. 1972లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో ‘నాట్స్’ అనే పాట దగ్గర ఆగిపోయాను. ఒక గొంతు ఒక మాట అందుకుంటుంది, అది పూర్తయ్యేలోపే ఇంకో గొంతు మరో ముక్క పలుకుతుంది, నాలుగు వైపుల నుంచీ ముక్కలు వచ్చి ఎక్కడో కలుస్తాయి.

చిన్నప్పుడు ఆరేళ్ళు గాత్రం నేర్చుకున్నాను, అందువల్ల ఏ పాట విన్నా చెయ్యి దానంతట అదే తొడ మీద తాళం వేస్తుంది. ఈ బృందం పాటలకు మాత్రం రెండు ఆవర్తాలు (తాళపు చుట్లు) తిరిగేసరికి సమం (చుట్టు మొదలయ్యే దెబ్బ) ఎక్కడుందో తెలియకుండా పోతోంది. అయినా వినడం మానలేకపోతున్నాను. వీరి పాటలను దేన్ని పట్టుకుని వినాలి, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి, ఇంత విద్వత్తు ఉన్న బృందం పేరు మన దగ్గర రాక్ వినేవారిలో కూడా ఎందుకు వినిపించదు? తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: బ్రాడీపేట మృదంగం, గుంటూరు

మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను మృదంగం వాయిస్తాను, మొదటి రెండు నెలలూ నేనూ అదే పొరపాటు చేశాను. మన కచేరీలో రాగం నడిచే దారి ఒక్కటే. గాయకుడు పాడినదాన్ని వయొలిన్ నీడలా అనుసరిస్తుంది, మృదంగం ఎన్ని లెక్కలు వేసినా చివరికి అందరం ఒకే సమం మీద వాలతాం. వాలే చోటు ముందే తెలుసు కాబట్టి మధ్యలో ఎంత దూరం పోయినా భయం ఉండదు. ఈ పాటల్లో అలా కాదు. ఒక్కో గొంతు, ఒక్కో వాద్యం తన సొంత వరుసను నడుపుకుంటూ పోతాయి. అవి కలిసే చోట్లు ఉన్నాయి గానీ, ఆ చోట్లను చేతి తాళంతో వెతికితే దొరకవు.

‘నాట్స్’ విషయంలో నాకు కోలాటం గుర్తొస్తుంది. ఒక్కరి కర్ర చప్పుడును విడిగా వింటే అందులో ఏమీ ఉండదు. అందరి కర్రలూ ఒకదాన్నొకటి తాకినప్పుడే దరువు పుడుతుంది, ఆ దరువు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. ఆ పాటకు ప్రేరణ ఆర్.డి. లేయింగ్ అనే మనోవైద్యుడి పుస్తకం. మనుషులు ఒకరి ఆలోచనల్లో ఒకరు ఎలా చిక్కుకుపోతారో చెప్పే పాట కనుక, ఆ చిక్కుముడిని గొంతుల అల్లికలోనే వినిపించారు.

ఇక పట్టుకుని వినవలసిన పాట ‘ఆన్ రిఫ్లెక్షన్’. 1975లో వచ్చిన ‘ఫ్రీ హ్యాండ్’ ఆల్బమ్‌లో రెండో పాట అది. మొదట ఒక్క గొంతే ఒక వరుస పాడుతుంది. ఆ తర్వాత రెండో గొంతు అదే వరుసను మరో స్థాయిలో ఎత్తుకుంటుంది, అప్పటికి మొదటి గొంతు ఆగకుండా కొత్త వరుసలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఇదే తీరుగా మూడోది, నాలుగోది వచ్చి చేరతాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో దీన్ని ఫ్యూగ్ అంటారు. ఈ బృందంలో కీబోర్డులు వాయించే కెర్రీ మినియర్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్వరరచన చదువుకున్నవాడు, అందుకే ఆ కట్టడంలో ఎక్కడా తడబాటు కనిపించదు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ పాటను నాలుగు రోజులు వినండి, రోజుకు ఒక గొంతును మాత్రమే వెంబడించండి, మిగిలినవి ఎంత పిలిచినా అటు తిరగకండి. తాళం వెయ్యకండి. ఐదో రోజు ఏ ప్రయత్నమూ లేకుండా మామూలుగా వినండి. లయ జ్ఞానం ఉన్నవాళ్ళం కాబట్టి ముందు లెక్క కోసం వెతుకుతాం, కానీ వీళ్ళ దగ్గర ముందు వరుస చిక్కాలి, లెక్క ఆ తర్వాత తానే వస్తుంది.

జవాబు: గాంధీనగర్ పాత క్యాసెట్, విజయవాడ

పై మిత్రుడు వినే పద్ధతి చక్కగా చెప్పారు. మూడో ప్రశ్నకు నాకు తోచినది రాస్తాను.

ఈ బృందానికి మూలం షుల్మన్ సోదరులు ముగ్గురు: ఫిల్, డెరెక్, రే. అంతకు ముందు వీరు సైమన్ డుప్రీ అండ్ ది బిగ్ సౌండ్ అనే పేరుతో పాప్ పాటలు పాడేవారు. 1967లో వీరి ‘కైట్స్’ బ్రిటన్‌లో మొదటి పది పాటల్లోకి వచ్చింది. ఆ పాట వీరికే నచ్చలేదు. పేరు తెచ్చిన దారిని వదిలేసి, 1970లో కెర్రీ మినియర్, గిటారిస్టు గ్యారీ గ్రీన్ వంటివారిని కలుపుకుని కొత్తగా మొదలుపెట్టారు. రెండో ఆల్బమ్ ‘అక్వయరింగ్ ది టేస్ట్’ (1971) అట్ట మీద, జనాదరణ పోయినా సరే జనప్రియ సంగీతపు హద్దులను విస్తరించడమే తమ లక్ష్యమన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు. ఆ మాటకు చాలా కాలం కట్టుబడి ఉన్నారు.

దాని ఫలితం కూడా అనుభవించారు. ‘ఆక్టోపస్’ తర్వాత పెద్దన్న ఫిల్ బృందాన్ని విడిచి వెళ్ళాడు. అన్న లేని లోటు మధ్య మిగిలినవారు చేసిన ‘ఇన్ ఎ గ్లాస్ హౌస్’ (1973)ను అమెరికాలో వారి రికార్డు కంపెనీ విడుదల చెయ్యనేలేదు. అక్కడి శ్రోతలు దిగుమతి చేసుకున్న ప్రతులను కొనుక్కున్నారు. పగిలే గాజు చప్పుళ్ళను ఒక దరువుగా మార్చి మొదలుపెట్టిన ఆల్బమ్ అది, నా దృష్టిలో వారి పనిలో అన్నిటికంటే ధైర్యమైనది.

అయితే పేరు రాకపోవడానికి కంపెనీ నిర్ణయం ఒక్కటే కారణం అనుకోను. ఈ బృందంలో చూపు నిలపడానికి ఒక్క ముఖం లేదు. రే బేస్ గిటార్ పక్కన పెట్టి వయొలిన్ తీస్తాడు, మినియర్ కీబోర్డు వదిలి సెల్లో పట్టుకుంటాడు, వేదిక మీద ఐదుగురూ కలిసి ఒకేసారి తాళవాద్యాలు వాయించే భాగం కూడా ఉండేది. ఫలానా గిటార్ వీరుడి బృందమనో, ఫలానా గాయకుడి బృందమనో చెప్పుకోవడానికి అభిమానికి వీలు ఉండదు. పనిని అంత సమానంగా పంచుకున్నవారిని గుర్తుపెట్టుకోవడం లోకానికి కష్టమైంది, నాకు మాత్రం వారి మీద గౌరవం అక్కడే మొదలైంది.

1977 నుంచి వారు సులువైన పాటల వైపు మళ్ళారు, 1980లో ‘సివిలియన్’తో ఆపేశారు. ‘జయంట్ ఫర్ ఎ డే’ (1978)ని నేను రెండోసారి వినలేదు, మిమ్మల్నీ వినమని చెప్పలేను.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. 1980లలో విదేశం నుంచి వచ్చిన ఒక బంధువు ‘ఫ్రీ హ్యాండ్’ను అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకు ఎక్కించి ఇచ్చాడు. ఒక వైపు పట్టేది ముప్పై నిమిషాలే, ఆల్బమ్ అంతకంటే ఎక్కువ. ‘టాలీబాంట్’ అనే చిన్న వాద్యసంగీతం మొదలైన నిమిషానికి టేపు అయిపోయి, మీట టక్కుమని పైకి లేచేది. ఆ చప్పుడు ఆ సంగీతంలో భాగమేమో అన్నంతగా చెవికి అలవాటైపోయింది. దాని తర్వాత ‘మొబైల్’ అనే మరో పాట ఉందనీ, అందులో రే వయొలిన్ అంత చురుగ్గా పరుగెడుతుందనీ సీడీ కొన్న రోజు దాకా నాకు తెలియదు. ఆ రోజు ‘టాలీబాంట్’ ఆగకుండా ముందుకు సాగిపోతుంటే కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాను.

జవాబు: కొత్త శ్రోత, గుంటూరు

పెద్దలిద్దరితోనూ ఒక విషయంలో విభేదిస్తున్నాను. మొదట వినవలసింది ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ (1974) అని నా అభిప్రాయం. మంచి చేస్తానని అధికారంలోకి వచ్చినవాడు, చివరికి తాను ఎదిరించినవాళ్ళలాగే మారిపోయే కథ అందులో నడుస్తుంది. మొదటి పాటలోని వరుస చివరి పాటలో మళ్ళీ వస్తుంది, కానీ ఈసారి బరువుగా, గట్టి పట్టుతో వస్తుంది. కథ చేతిలో ఉంటే గొంతుల అల్లికలో దారి తప్పినా మళ్ళీ ఒడ్డుకు చేరవచ్చు.

ఇంకొక సూచన. బ్రిటన్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2014లో ఈ ఆల్బమ్‌నూ, ఆ తర్వాత ‘ఆక్టోపస్’, ‘ఫ్రీ హ్యాండ్’లనూ కొత్తగా రీమిక్స్ చేశాడు, అంటే పాత రికార్డింగుల్లోని గొంతులనూ వాద్యాలనూ మళ్ళీ కొత్తగా కలిపాడు. వాటిలో గొంతులూ వాద్యాలూ విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి కాబట్టి ఒక్కో గొంతును వెంబడించాలనే పద్ధతికి అవే అనుకూలం. దయచేసి రైల్లో వినకండి, చక్రాల చప్పుడులో బేస్ గిటార్ పూర్తిగా మునిగిపోతుంది. 2023లో రే షుల్మన్ మరణించిన వార్త చదివిన రాత్రి నేను ఈ ఆల్బమ్‌ను అతని బేస్ కోసమే మొదటి నుంచి చివరి దాకా విన్నాను. అప్పటిదాకా నేను గిటార్ అనుకున్న చాలా చోట్ల పాటను మోస్తున్నది అతనేనని అప్పుడు తెలిసింది.

జవాబు: సత్యనారాయణపురం శ్రోత, విజయవాడ

ముగ్గురికీ ధన్యవాదాలు. వారం రోజుల తర్వాత రాస్తున్నాను. రైల్లో వినడం ఆపి, ఇంట్లో అందరూ పడుకున్నాక ‘ఆన్ రిఫ్లెక్షన్’ విన్నాను. మొదటి రాత్రి చెయ్యి తొడ మీదికి పోతుంటే రెండు చేతులూ కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. రెండో రాత్రి ఒక కాగితం తీసుకుని నాలుగు గీతలు గీసి, ఒక్కో గొంతు ఎక్కడ ప్రవేశిస్తుందో గుర్తు పెట్టుకున్నాను. మొదటి గొంతు ఇప్పుడు చివరి దాకా నా వెంటే ఉంటోంది. రెండోది నాలుగో గొంతు ప్రవేశించగానే చెవిలోంచి జారిపోతోంది, మూడు రాత్రులుగా సరిగ్గా అదే చోట పోతోంది.

బ్రాడీపేట మిత్రునికి ఒక విన్నపం. ఆ చోట రెండో గొంతు పైకి వెళుతుందా, కిందికి దిగుతుందా? అది చెబితే దాన్ని అక్కడ కాచుకుని ఉంటాను.

జవాబు: బ్రాడీపేట మృదంగం, గుంటూరు

రాతలో చెప్పడం కంటే వినిపించడం తేలిక. మీరు ఎలాగూ రోజూ గుంటూరు వస్తున్నారు. శనివారం సాయంత్రం ఆఫీసు అయ్యాక మా ఇంటికి రండి, ఆ కాగితం కూడా తెచ్చుకోండి. రెండో గొంతును నేను పాడతాను, మీరు మొదటిది పాడండి.